కౌంటరు అద్దానికి అటూ ఇటూ

సంపాదకులకు నమస్కారం.

ఆసుపత్రి బిల్లు దగ్గర మాటా మాటా పెరిగి చేయి చేసుకునే దాకా వెళ్ళిందన్న వార్త పత్రికలో కనబడినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. పందొమ్మిదేళ్ళు నేను బిల్లుల కౌంటరు వెనకాల పనిచేశాను. పని మానేసిన రెండేళ్ళకు మా వారికి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చాము. అప్పుడు అలాంటి అద్దానికే ఇవతల నిలబడి, చేతిలోని బిల్లు తప్పని చెప్పుకోవలసి వచ్చింది. అటు కూర్చున్నదాన్ని, ఇటు నిలబడ్డదాన్ని. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేయమని కోరుతున్నాను.

మా వారు సోమవారం మధ్యాహ్నం చేరారు, శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి పంపారు. వైద్యం బాగా చేశారు. మనిషి నడిచి బయటికి వచ్చారు. ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫైనల్ బిల్లు మాత్రం ఒకే పేజీ ఇచ్చారు. గది, మందులు, పరీక్షలు, డాక్టర్ల విజిట్లు, ఆక్సిజన్, ఇతరములు. ఆరు వరుసలు, అడుగున మొత్తం. ఆ 'ఇతరములు' అన్న మాట నేనే కొన్ని వేల బిల్లుల్లో కొట్టి ఉంటాను. ఇవతల నిలబడి చదివితే గాని ఆ మాట మనిషికి ఏమీ చెప్పదని నాకు తెలియలేదు.

పద్దుల వారీ బిల్లు ఇమ్మన్నాను. కౌంటర్లలో దీన్ని బ్రేకప్ అంటారు. "ముందు కట్టేయండమ్మా, తరువాత ఇస్తాము" అన్నాడు అక్కడి అబ్బాయి. అతని మీద నాకు కోపం రాలేదు. అలా చెప్పమని పైవాళ్ళు చెప్పి ఉంటారు, నాకూ అలాగే చెప్పేవారు. తెల్ల కాగితం అడిగి రెండు వాక్యాలు రాశాను: పద్దుల వారీ బిల్లు, కేస్ షీట్ నకలు ఇప్పించండి, చూసుకున్న వెంటనే చెల్లించవలసింది చెల్లిస్తాను. తేదీ, సమయం వేసి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం చేయమన్నాను. నోటితో అడిగితే రాని బ్రేకప్ ఇరవై నిమిషాల్లో వచ్చింది. పదకొండు పేజీలు! కేస్ షీట్ నకలు మరునాడు ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి. బిల్లు మీద గొడవ పడేవాళ్ళలో నూటికి తొంభై మంది బిల్లు ఒక్కటే పట్టుకుని గొడవ పడటం నేను చూశాను. బిల్లును ఎంతసేపు చూసినా అందులో తప్పు కనబడదు, ఎందుకంటే దాని కూడిక ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. కంప్యూటర్ కూడికలో పొరపాటు చేయదు. తప్పు ఉంటే కూడికలోకి వచ్చిన అంకెలో ఉంటుంది, ఆ అంకె పుట్టిన చోటు కేస్ షీట్. అందులో మూడు రకాల కాగితాలు ఉంటాయి. డాక్టర్లు వచ్చినప్పుడల్లా రాసే నోట్సు, ఏ మందు ఏ వేళకు ఇచ్చారో తెలిపే మందుల చార్టు, గంట గంటకూ రోగి ఎలా ఉన్నాడో నర్సులు రాసే చార్టు. బిల్లును ఎడమ పక్కన, వీటిని కుడి పక్కన పెట్టుకుని ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చదవాలి. అరవవలసిన అవసరమే ఉండదు.

శనివారం రాత్రి మా వారు నిద్రపోయాక నేను ఆ పనికి కూర్చున్నాను. ఆక్సిజన్ దగ్గర వేలు ఆగిపోయింది. బిల్లులో 96 గంటలు అని ఉంది. అంటే చేరిన క్షణం నుంచి బయటికి వచ్చిన క్షణం దాకా. కానీ బుధవారం పొద్దున నేను వెళ్ళేసరికే ఆయన ముక్కు దగ్గర గొట్టం లేదు, మంచం మీద కూర్చుని పత్రిక చదువుతున్నారు. నర్సుల చార్టులో బుధవారం పేజీ తీశాను. పేజీ అంతా నీలం సిరా. పైమూలన మాత్రం ఆకుపచ్చ సిరాతో, చాలా చిన్న అక్షరాలతో ఒక వాక్యం: "ఆక్సిజన్ తీసివేశాము, ఉదయం 6.10." పక్కన పొట్టి సంతకం. సోమవారం మధ్యాహ్నం 1.10కి మొదలు, బుధవారం ఉదయం 6.10కి ఆపుదల. 41 గంటలు. మిగిలిన 55 గంటలు ఎవరూ పీల్చని గాలి.

ఇది మోసమని నేను అనను. లోపలి సంగతి నాకు తెలుసు కాబట్టి అనను. ఆక్సిజన్ మొదలుపెట్టగానే వార్డు కంప్యూటర్లో 'ప్రారంభం' అని నొక్కుతారు. ఆపినప్పుడు 'ముగింపు' నొక్కాలి. రాత్రి డ్యూటీ ముగిసి పగటి డ్యూటీ వాళ్ళు వచ్చే వేళ అది. ఆ నర్సు చార్టులో రాసింది, కంప్యూటర్లో నొక్కటం మరిచింది. ఇక ఆ లెక్క రోగి గేటు దాటే దాకా గంట గంటకూ పెరుగుతూనే ఉంటుంది. నేను పనిచేసిన చోట కూడా ఇది ఎన్నిసార్లు జరిగిందో! రోగులలో ఒకరిద్దరు పట్టుకున్నారు. మిగతావాళ్ళు కట్టి వెళ్ళిపోయారు. ఆ డబ్బు ఎవరూ దాచుకోలేదు, కానీ ఎవరూ తిరిగి ఇవ్వలేదు కూడా. ఈ సంగతి తలచుకుంటే నాకు ఈనాటికీ మనసు మనసులో ఉండదు.

రెండోది ఇంజెక్షన్లు. బుధవారం నుంచి ఇంజెక్షన్ మాన్పించి మాత్రలు వేశారు. మిగిలిన ఆరు సీసాలు మందుల దుకాణంలో తిరిగి ఇచ్చేశాము. ఆ రసీదు ఎక్స్‌రే కవరులో దొరికింది. బిల్లులో ఆ ఆరూ తగ్గలేదు. మందుల దుకాణం కంప్యూటర్ వేరు, బిల్లుల కంప్యూటర్ వేరు. వాపసు చీటీలను సాయంత్రం ఒక్కసారిగా ఎక్కిస్తారు. ఆ లోపల బిల్లు తయారైతే తగ్గింపు గాలిలోనే ఉండిపోతుంది. వాపసు చీటీ పారేయకండి. బస్సు టికెట్టంత ఉంటుందని జనం నలిపి పడేస్తారు, ఆసుపత్రి కాగితాలన్నిటిలోకీ సాక్ష్యానికి పనికివచ్చేది అదే.

మూడోది డాక్టరు విజిట్లు. బిల్లులో తొమ్మిది, నోట్సు ఏడు.

నాలుగోది నెబ్యులైజర్, అంటే మందును ఆవిరిలా చేసి పీల్పించే యంత్రం. పదిహేను సార్లు పెట్టినట్టు ఉంది. అన్ని సార్లు పెట్టలేదని నేను గట్టిగా నమ్మాను. మందుల చార్టులో టిక్కులు లెక్కపెట్టాను. పదిహేనే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ పదిహేనే. నేను ఇంటికి వెళ్ళిన వేళల్లో పెట్టారు. ఆ పద్దు నా జాబితాలో నుంచి కొట్టేశాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రోగి వైపు వాళ్ళ జ్ఞాపకం కూడా తప్పుతుంది. భయంతో ఉన్న మనిషికి రోజులు కలిసిపోతాయి. కాగితం చూడకుండా ఆ పదిహేను మీద పోట్లాడి ఉంటే నా మిగతా మాటలకూ విలువ పోయేది.

ఐదోది చేతి తొడుగులు. 40 జతలు. దీని సంగతి తరువాత చెబుతాను.

సోమవారం పదకొండు గంటలకు మేనేజర్ గారు సమయం ఇచ్చారు. ఈలోగా నేను చేసిన పని ఒకటుంది. నాకు అభ్యంతరం లేని పద్దులన్నీ కూడి ఆ మేరకు చెల్లించేశాను. అభ్యంతరం ఉన్న పద్దుల పేర్లు రాసి, అవి తప్ప మిగిలినది చెల్లించినట్టు రసీదు మీదనే రాయించుకున్నాను. ఎగ్గొట్టడానికి వచ్చిన మనిషి కాదని ఎదుటివాళ్ళకు తెలిస్తే గదిలో గాలే మారిపోతుంది. అవతల కూర్చున్నప్పుడు నాకూ అలాగే ఉండేది. మొత్తం ఆపేసి నిలబడ్డ మనిషిని చూస్తే మేము ముడుచుకుపోయేవాళ్ళము. న్యాయమైనంత కట్టి, మిగిలినది చూడండి అన్న మనిషి కోసం పరుగెత్తేవాళ్ళము.

గంటా పది నిమిషాలు కూర్చున్నాము. ఆకుపచ్చ సిరా వాక్యం చూపించగానే ఆక్సిజన్ మీద మాట్లాడటానికి ఏమీ మిగలలేదు. వాపసు చీటీ చూపించాక ఇంజెక్షన్లు తగ్గించారు. విజిట్ల దగ్గర మాత్రం కాసేపు పట్టింది. నోట్సు లేనివి మంగళవారం రాత్రిది, గురువారం సాయంత్రానిది. నోట్సు లేకపోతే విజిట్ లేనట్టేనని నేను అన్నాను. అప్పుడు మా వారే అడ్డుపడి, "మంగళవారం రాత్రి ఆయన వచ్చారు, ఇంట్లో ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటావని అడిగి, మంచం తల వైపు ఎత్తు చేయించి వెళ్ళారు" అన్నారు. వచ్చిన మనిషిని రాలేదని అనలేము. మంగళవారానిది ఉంచి, గురువారానిది తీసేయమన్నాను. సరేనన్నారు. నిజం చెప్పాలంటే, ఆ తరువాత మేనేజర్ గారి గొంతులో తేడా నాకు స్పష్టంగా తెలిసింది.

ఇక నేను అవతల కూర్చున్న రోజుల్లోని సంగతి ఒకటి.

పదకొండేళ్ళ కిందట ఒక పెద్దాయన భార్యను డిశ్చార్జి చేయించుకోవడానికి వచ్చారు. చేతిలో నోటుబుక్కు నుంచి చింపిన గీతల కాగితం. ఒక గడిలో సెలైన్లు, ఒక గడిలో ఇంజెక్షన్లు, ఒక గడిలో రక్తపరీక్షలు. జరిగినదానికల్లా పెన్సిలుతో ఒక నిలువు గీత, ఐదోదానికి అడ్డగీత. బిల్లులో పొటాషియం పరీక్ష మూడుసార్లు ఉంది. ఆయన కాగితంలోనూ మూడే ఉన్నాయి, కానీ ఒక గీత చుట్టూ సున్నా చుట్టారు. "తీసిన రక్తం పాడైందని చెప్పి మళ్ళీ తీశారమ్మా. పాడుచేసింది వాళ్ళు, కట్టేది మేమా?" అని అడిగారు. గొంతు పెంచలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నమూనాలో ఎర్రకణాలు చితికిపోతే వాటిలోని పొటాషియం బయటికి వచ్చి ఫలితం ఎక్కువ చూపిస్తుంది, అందుకని మళ్ళీ తీయక తప్పదు. ఆ రెండోసారికి రోగి దగ్గర వసూలు చేయకూడదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

కానీ నేను ఆ పద్దు తీసేయలేను. ఎక్కించడానికి నాకు అధికారం ఉంది, తీసేయడానికి లేదు. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కావాలి. ఆ రోజు సూపర్‌వైజర్ సెలవు, మేనేజర్ సమావేశంలో ఉన్నారు. ఆ పెద్దాయన మూడు గంటలు కౌంటరు ముందు కుర్చీలో కూర్చున్నారు. భార్య చక్రాల కుర్చీలో పక్కనే తల వాల్చుకుని ఉంది. చివరికి లేచి వచ్చి, "నీ చేతిలో ఏముందిలే తల్లీ" అని మొత్తం కట్టేసి వెళ్ళిపోయారు. కాగితం కౌంటరు మీదే ఉండిపోయింది. చాలా కాలం నా సొరుగులో దాచాను. ఆయన లెక్క సరైనది. ఆ మాట ఆయనకు చెప్పగలిగాను కానీ కాగితం మీద పెట్టలేకపోయాను.

కౌంటరు దగ్గర జరిగే గొడవలకు అసలు కారణం ఇదే అని నా నమ్మకం. తప్పు దిద్దలేని మనిషిని ముందు కూర్చోబెడతారు. దిద్దగలిగిన మనిషి ఎక్కడో గది లోపల ఉంటారు. మధ్యలో అద్దం. పైగా జనం అరిచేదీ, ఒక్కోసారి కొట్టేదీ ఆ మొదటి మనిషినే.

బీమా ఉన్నవాళ్ళకు మరో చిక్కు ఉంది. పాలసీలో గది అద్దెకు ఒక పరిమితి ఉంటే, దానికి రెట్టింపు అద్దె ఉన్న గది తీసుకున్నప్పుడు తగ్గేది గది అద్దె ఒక్కటే అనుకుంటారు. చాలా పాలసీల్లో అదే నిష్పత్తిలో డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు కూడా సగానికి కోస్తారు. ఇది ఆసుపత్రి తప్పు కాదు, పాలసీలోని షరతు. కానీ చేర్చే రోజున గది ఇచ్చేవాళ్ళు ఈ ఒక్క మాట చెప్పవచ్చు కదా! నేను చెప్పేదాన్ని. చెప్పినందుకు ఒకసారి మాట కూడా పడ్డాను. ఇంకొకటి కోడ్ల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులకు కోడ్లు పెట్టింది. పదో కూర్పులో జె44 అంటే దీర్ఘకాలిక శ్వాసనాళాల అవరోధ జబ్బు, జె45 అంటే ఆస్తమా. ఒక్క అంకె జారితే బీమా వాళ్ళు డాక్టరు రాసినదానికీ క్లెయిముకూ పొంతన లేదని తిప్పి పంపుతారు. అలాంటప్పుడు బీమా కంపెనీతోనూ, ఆసుపత్రితోనూ పోట్లాడనవసరం లేదు. తిరస్కరణ కారణాన్ని రాతపూర్వకంగా తీసుకుని, కోడ్ దిద్ది మళ్ళీ పంపమని బిల్లింగ్ వాళ్ళను అడిగితే చాలు.

చట్టం తెలియకపోవడం వల్ల కూడా జనం అరుస్తారు. మన దేశంలో 2002 నాటి వైద్యుల నైతిక నియమావళి ప్రకారం, రోగి గానీ అతని తరఫు మనిషి గానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. ఫీజు ఎంతో వైద్యం మొదలుపెట్టక ముందే చెప్పాలని కూడా అందులోనే ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు ఇచ్చింది. ఇప్పుడున్న 2019 చట్టం కింద రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. అమెరికాలో బీమా లేనివాళ్ళకు ముందుగానే ఖర్చు అంచనా రాసి ఇవ్వాలన్న నిబంధన 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. అంచనా కంటే బిల్లు 400 డాలర్లు గానీ అంతకు మించి గానీ పెరిగితే రోగి 120 రోజుల లోపు మధ్యవర్తి విచారణ కోరవచ్చు. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. సుమారు 3,750 ఏళ్ళ కిందట బాబిలోన్ రాజు హమ్మురాబి చెక్కించిన శాసనంలో, కంటి శస్త్రచికిత్స చేసి కన్ను నిలబెట్టిన వైద్యుడికి ఎవరు ఎన్ని షెకెళ్ళ (అప్పటి తూకం) వెండి ఇవ్వాలో ఉంది. ఉన్నత వర్గం వాడైతే పది, సామాన్యుడైతే ఐదు, బానిస అయితే అతని యజమాని రెండు. ఆ కాలపు అంతరాలు నేను సమర్థించను. కానీ ధర రాతి మీద ఉంది, కత్తి పట్టక ముందే అందరికీ తెలుసు.

కోర్టు దాకా వెళ్ళవలసిన తగాదాలు ఉంటాయి, కాదనను. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం మాత్రం ఒక బల్ల, రెండు కాగితాలు, ఒక గంట ఉంటే తీరిపోయేవి. అందుకే ఆసుపత్రుల, క్లినిక్కుల యాజమాన్యాలను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. అడగకుండానే పద్దుల వారీ బిల్లు ఇవ్వండి, డబ్బు కట్టించుకోక ముందే ఇవ్వండి. కౌంటరు తెరిచి ఉన్నంతసేపూ పద్దు తీసేసే అధికారం ఉన్న మనిషి ఒకరు అక్కడే ఉండాలి, ఆ మనిషి పేరు గోడ మీద ఉండాలి. ఏ పద్దు ఎందుకు ఉంచారో, ఎందుకు తీసేశారో ఒక్క వాక్యం రాసి సంతకం చేసి ఇవ్వండి. కౌంటరులో కూర్చున్న పిల్లలకు ఇంతకంటే రక్షణ మరొకటి ఉండదు.

మాకు దిద్దిన బిల్లు తొమ్మిది రోజులకు వచ్చింది. మూడు పద్దులూ సరిచేసి, పక్కన కారణం రాసి, మేనేజర్ గారు సంతకం పెట్టారు. ఆ మేరకు మిగిలిన బాకీ ఆ రోజే చెల్లించాను. ఆకుపచ్చ సిరాతో రాసిన నర్సు ఎవరో కనుక్కుని వెళ్ళి కలిశాను. చాలా చిన్న పిల్ల. కంప్యూటర్లో నొక్కటం మరిచినందుకు తిట్టడానికి వచ్చాననుకుని భయపడింది. నువ్వు రాయకపోతే నా దగ్గర ఏ ఆధారమూ ఉండేది కాదని చెప్పాను. నీలం పెన్ను అయిపోతే పక్కవాళ్ళ దగ్గర ఆకుపచ్చది అడిగి మరీ రాసిందట.

చేతి తొడుగుల సంగతి మిగిలి ఉంది. నలభై జతలు వాడినట్టు ఏ చార్టులోనూ లేదు. రోజుకు పది జతల చొప్పున అందరికీ వేస్తామని మేనేజర్ గారు చెప్పారు. వాడినవాటికి కట్టమంటే కడతాను. వాడారో లేదో ఎవరికీ తెలియని వాటికి, అందరికీ ఒకే లెక్కన వేసినదానికి కట్టడం న్యాయం కాదని చెప్పాను. ఆ ఒక్క పద్దు తేలకుండానే ఉంది. రాతపూర్వకంగా కారణం ఇమ్మని రెండో ఉత్తరం పంపి, అందినట్టు సంతకం తీసుకున్నాను. జవాబు కోసం చూస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బిల్లింగ్ ఉద్యోగిని
(పేరు ప్రచురించవద్దని మనవి)